రెండో గడిలో రాసింది

ఫారం నింపడంలో మధుసూదనరావును మించినవాడు నాందేడ్ రైల్వే కాలనీలో లేడు. ఇది ఆయన చెప్పుకునే మాట కాదు, కాలనీ చెప్పే మాట. పాసు కావాలన్నా, క్వార్టరు మార్చుకోవాలన్నా, బడి రికార్డులో పిల్లవాడి పేరు దిద్దించాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. ఆయన ముందు ఫారాన్ని ఆసాంతం ఒకసారి చదువుతాడు. కళ్ళద్దాలు తుడుచుకొని ఇంకోసారి చదువుతాడు. అప్పుడు గాని నల్ల ఇంకు పెన్ను మూత తీయడు. కొట్టివేత ఒక్కటీ ఉండదు. రాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు గాని, ఆ ముత్యాలను ఏ ఆఫీసులో ఎవరు ఏరుకున్నారో ఎవరికీ తెలియదు.

ఆ శనివారం ముద్ఖేడ్ యార్డులో వాన పడుతున్నది. మధుసూదనరావు పట్టాల దారి మార్చే పాయింటు మెషీను పక్కన కంకర మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళుగా సిగ్నల్ టెక్నీషియను ఆయన. సహాయకుడు దాసు గొడుగు పట్టుకున్నాడు గాని ఆ గొడుగు మెషీనుకే, మనిషికి కాదు. మెషీను మూత తీసి ఉంది, లోపల తడవకూడదు. పాత గ్రీసు గుడ్డతో తుడిచి, కొత్తది వేలితో పూసి, రెండు పట్టాలు కలిసే చోట ఐదు మిల్లీమీటర్ల మందం ఇనుప బిళ్ళ పెట్టాడు. ఫోనులో స్టేషనుకు చెప్పి పాయింటు తిప్పించాడు. మధ్యలో బిళ్ళ ఉంటే తాళం పడకూడదు. పడిందంటే, కలవని పట్టాలు కలిశాయని మెషీను అబద్ధం చెబుతున్నట్టు. మోటరు కాసేపు గింజుకొని ఆగిపోయింది. తాళం పడలేదు. ఆయన బిళ్ళను తుడిచి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఈలోగా పైనుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మూడుసార్లూ ఒకటే మాట, ఇంకా ఎంతసేపు అని.

పని అయ్యాక యార్డు పక్కన రేకుల గది గుమ్టీలో కూర్చున్నప్పుడు దాసు మడతపెట్టిన బదిలీ ఫారం తీశాడు. వాళ్ళ అమ్మ ఆదిలాబాద్‌లో ఒక్కతే ఉంటుంది. కోరుకునే స్టేషన్లు రాయడానికి ఫారంలో మూడు గడులున్నాయి. మధుసూదనరావు రెండుసార్లు చదివి, మొదటి గడిలో పూర్ణా అని, రెండో గడిలో ఆదిలాబాద్ అని రాశాడు. దాసు తెల్లబోయాడు. తనకు పూర్ణాలో ఎవరూ లేరు.

"మొదటి గడిల రాసింది ఈ జన్మల ఇయ్యరు దాసూ," అన్నాడు మధుసూదనరావు. "నేను మూడుపార్లు మొదాలు ఆదిలాబాదే రాసిన. మూడుపార్లు రాలే. నాలుగోపారి అకోలా మొదాలు రాసి నాందేడ్ రెండోది రాసిన. నాందేడ్ అచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యాలె గద. పూజారికి ఏదో ఒకటి కొట్టేస్తెనే మనసు నిమ్మలమైతది. మొదటిది కొట్టేయనీకే రాయాలె."

"పూర్ణా ఇచ్చేస్తెనో సార్?"

"ఇచ్చింది నేనైతె చూడలే," అని నవ్వి ఆయన పెన్ను మూత పెట్టాడు.

ఆ రోజుల్లో ఆయన మనసు ఇంకో ఫారం మీద ఉంది. కూతురు లహరి పన్నెండో తరగతి అయ్యాక పుణె దగ్గర ఒక ప్రైవేటు క్యాంపసు పెట్టే పరీక్ష రాసింది. స్టేట్ పరీక్ష జ్వరంతో రాసి పాడుచేసుకున్నది గనక, ఇక ఆశంతా దీని మీదే. మార్కులు బాగానే వచ్చాయి. ఒకే ఫారం, అందులో వరుసగా గడులు. కంప్యూటర్ ఇంజనీరింగు కావాలా, ఐటీతో కలిసిన బీబీఏ కావాలా, ఏది ముందో ఏది వెనకో వరుస పెట్టి చెప్పాలి. సోమవారం తెరుస్తారు, బుధవారం సాయంత్రం ఆరింటికి మూసేస్తారు.

ఆదివారం నాయ్‌గావ్ నుంచి ఆయన భార్య రోహిణి తమ్ముడు నాగేష్ వచ్చాడు. అక్కడ బట్టల దుకాణం ఆయనది. చేతిలో చీర ఉన్నా లేకున్నా చేత్తో మడతలు సవరిస్తూ మాట్లాడే అలవాటు. అన్నం దగ్గర కూర్చున్నప్పటి నుంచి ఆయన బీబీఏ గురించే మాట్లాడాడు. పక్క దుకాణం వాళ్ళ అమ్మాయి ప్రాచి అదే చదివి, పుణెలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నదట. స్వయంగా ఒక్క ముక్క ప్రోగ్రాం రాయదట. రాసేవాళ్ళను పిలిచి, ఎప్పటికి అవుతుందని అడగడమే ఆమె ఉద్యోగమట. అరవై సీట్లే ఉన్నాయి, షాపుల వాళ్ళ పిల్లలంతా దానికే ఉరుకుతున్నారు, దొరకడమే కష్టం, దొరికితే మాత్రం లహరి కూర్చున్న చోటు నుంచి లేవనక్కరలేదు అన్నాడు.

"కంప్యూటర్ చేసెటోళ్ళు గల్లీకి పదిమంది ఉన్నరు బావా. చేపిచ్చెటోడే సేటు."

మధుసూదనరావుకు ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. ఎంతసేపు అని అడిగేవాళ్ళ కిందే ఆయన వయసంతా గడిచిపోయింది. పాయింటు చెడితే ఆయన పరిగెత్తాలి. చెడిందెందుకని ఆయనే రాసివ్వాలి. బాగుచేశాక శభాష్ అన్నవాడు లేడు. తన కూతురు తనలా కంకరలో మోకాళ్ళూనకూడదని ఆయనకు నిజంగానే ఉంది.

"మీ మామ చెప్పేది నిజమే బిడ్డా," అన్నాడు. "అడిగెటోని బట్టలు తడువయి."

లహరి కంచంలోకే చూస్తూ, "నాకు కంప్యూటరే కావాలె బాపూ," అన్నది. ఒక్కసారే అన్నది. ఆ తరువాత నాగేష్ ఎన్ని చెప్పినా ఊఁ కొట్టి, కంచం కడగడానికి మోరీ దగ్గరికి పోయింది. పిల్ల మొండిది కాదు, చెబితే వింటుంది అని నాగేష్ మెచ్చుకున్నాడు. రోహిణి కూడా సంతోషించింది.

సోమవారం పొద్దున లహరి ఆయన ప్యాంటు నానబెట్టబోతూ జేబులో ఇనుప బిళ్ళ చూసి, ఇదేమిటని అడిగింది. పట్టాల మధ్య పెట్టేదని చెప్పి ఊరుకోబోయాడు. ఎందుకు పెడతారని మళ్ళీ అడిగింది. ఆయన ఆమెను ఇనుప బీరువా దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు సందులో బిళ్ళ పెట్టి, పిడి తిప్పి చూపించాడు. తలుపు మూసినట్టే ఉన్నది, గొళ్ళెం మాత్రం పడలేదు. లహరి బిళ్ళ తీసి అట్టముక్క పెట్టి తిప్పింది. పడింది. రూపాయి బిళ్ళ పెట్టింది. అదీ పడింది. రెండు రూపాయి బిళ్ళలు కలిపి పెట్టింది. ఈసారి పడలేదు. ఆమె నుదుటి మీద చిన్న ముడి పడింది.

"ఎంత సందు దాక పర్వాలేదు బాపూ? ఆ అంకె ఎట్ల తేల్చిండ్రు? సందు ఉన్నదని మెషీన్‌కు ఎట్ల తెలుస్తది?"

మధుసూదనరావు ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. ఆఫీసర్లు ఎంతసేపు అని అడిగారు. రోహిణి ఎప్పుడొస్తారని అడిగింది. ఎట్లా అని అడిగిన మనిషి ఇన్నేళ్ళలో ఈమె ఒక్కతే. పాత క్యాలెండరు చించి వెనకవైపు మోటరు, కడ్డీలు, రిలేలు అన్నీ గీశాడు. ఇది పడితే తప్ప అది లేవదు, అది లేస్తే తప్ప సిగ్నలు రాదు అని చెప్పుకుంటూ పోయాడు. తను రాసే ప్రోగ్రాములు కూడా ఇంతేనని ఆమె మధ్యలో అందుకుంది. చాయ్ చల్లారింది. ముద్ఖేడ్ వెళ్ళే ఏడింటి బండి తప్పిపోయింది. ఆయనకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది. నాగేష్ మాటలు నాగేష్ పిల్లలకు పనికొస్తాయి, ఈ పిల్లకు కంప్యూటరే చదివించాలి అని అక్కడే నిలబడి నిశ్చయించుకున్నాడు. కాని ఆమెతో అనలేదు. కోరుకున్నది ముందే నోటితో అంటే కాదని ఆయనకొక పట్టింపు.

చెప్పులు వేసుకుంటుంటే లహరి వెనకాలే వచ్చి ఫారం గురించి ఏదో అనబోయింది.

"నేను నింపుత. నువ్వు బేఫికర్ ఉండు," అన్నాడు. తన ఫోనులో ఐదు నిమిషాల్లో నింపుకోగల పిల్లే అది. కాని ఆ ఇంట్లో ఫారాలు ఆయనవి. ఓటీపీ వచ్చే నంబరు కూడా ఆయనదే ఇచ్చి ఉన్నారు. లహరి తల ఊపి లోపలికి పోయింది.

సాయంత్రం డ్యూటీ దిగి స్టేషను రోడ్డులో ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణానికి వెళ్ళాడు. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి సోనాలి. ఆయన నిబంధనల పేజీ మొత్తం చదివాడు, కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివాడు. ముందే తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో రాసి తెచ్చుకున్న వరుసను ఆమె ముందు పెట్టాడు. మొదటిది బీబీఏ. రెండోది కంప్యూటర్ ఇంజనీరింగు.

ఆయన లెక్క ఆయనకుంది. కొట్టేయడానికి ఒకటి కావాలి. అరవై సీట్లకు మహారాష్ట్రలోని షావుకార్ల పిల్లలంతా ఉరుకుతుంటే, నాందేడ్ నుంచి వచ్చిన సిగ్నల్‌వాడి కూతురికి అది ఎవడిస్తాడు? దాన్ని కొట్టేస్తారు. కొట్టేసినందుకు రెండోది ఇస్తారు. ఎక్కడైనా ఆఫీసు ఆఫీసే.

సోనాలి కాగితం చూసి, మార్కులు చూసి, మళ్ళీ కాగితం చూసింది. మీకు ఏది కావాలి కాకా అని మరాఠీలో అడిగింది. కంప్యూటరు అన్నాడు. అయితే అది పైన రాయాలి కదా, ఈ మార్కులకు బీబీఏ తప్పకుండా వచ్చేస్తుంది అన్నది.

"కాకా, పహిలా నంబర్ లాగ్లా తర్ తోచ్ ఫైనల్." మొదటిది తగిలితే అదే ఖాయం, ఇక వెనక్కి లేదని ఆమె మాట.

మధుసూదనరావు ఓపిగ్గా నవ్వాడు. ఆ నిబంధన తనూ చదివాడు. రెండుసార్లు చదివాడు. మొదటిది వచ్చినవాళ్ళ కోసం రాసిన నిబంధనలు ఆయన చాలా చూశాడు గాని, అవి తనకు ఏనాడూ అవసరం పడలేదు. నువ్వు చిన్నదానివమ్మా, ఫారాల సంగతి నాకు వదిలెయ్ అన్నాడు. ఆమె భుజాలెగరేసి టైపు చేసింది. ఆయన ఓటీపీ చదివి చెప్పాడు. బుధవారం దాకా మార్చుకోవచ్చని, నకలు అమ్మాయి మెయిలుకు కూడా వెళ్ళిందని సోనాలి చెప్పినప్పుడు ఆయన వంగి అచ్చు కాగితం మీద అక్షరాలు సరిచూసుకుంటున్నాడు. సరే సరే అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి లహరి ఫోను పట్టుకొని గడప దగ్గర నిలబడి ఉంది.

"నింపిన," అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా ఉండటానికి పెదవులు బిగపట్టుకోవాల్సి వచ్చింది, అంత సంబరంగా ఉంది.

లహరి ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "మంచిది బాపూ," అన్నది.

మంగళవారం ఆమె చెప్పకముందే ఆయన యూనిఫారం ఇస్త్రీ చేసింది. తల్లితో పాటు కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచింది. నాగేష్ ఫోను చేస్తే, అవ్ మామా, అవ్ మామా అని బుద్ధిగా మాట్లాడింది. మధుసూదనరావు గుమ్టీలో వెతికి పాయింటు మెషీను బొమ్మలున్న పాత పుస్తకం తెచ్చిచ్చాడు. ఆమె రెండు పేజీలు తిప్పి, బాగుంది బాపూ అని అల్మారాలో పెట్టింది. ఎట్లా అని ఏమీ అడగలేదు. రిజల్టు కోసం భయపడుతున్నది పాపం అనుకున్నాడాయన. బుధవారం సాయంత్రం గోడ గడియారంలో ఆరు కొట్టినప్పుడు, పాయింటు సరిగ్గా కూర్చున్నప్పటి తృప్తితో చాయ్ అడిగి తాగాడు.

శుక్రవారం పదకొండింటికి ముద్ఖేడ్‌లో మళ్ళీ మెషీను మూత తీసి ఉన్నప్పుడు ఫోను మోగి ఆగింది. చేతులకు గ్రీసు ఉన్నదని దాసును చదవమన్నాడు. దాసు మొదటి వాక్యం చదివి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"సార్, మొదటిదే ఇచ్చిండ్రు," అన్నాడు. "మొదటి చాయిసే అచ్చిందట. అభినందనలట."

మధుసూదనరావు కంకర మీద అలాగే కూర్చొని, కింద ఏమి రాసి ఉందో చూడమన్నాడు. దాసు అక్షరం అక్షరం కూడబలుక్కొని బీబీఏ అని చదివాడు. ఇంకోసారి చదవమన్నాడు. అదే చదివాడు. దాసు చేయి కలపడానికి ముందుకు చాచి, ఆయన ముఖం చూసి వెనక్కి తీసుకున్నాడు. మూత బిగించడానికి ఎప్పుడూ రెండు నిమిషాలు పట్టేది, ఆ రోజు పది పట్టింది. ఒక స్క్రూ కంకరలో పడిపోతే దాసే వెతికి ఇచ్చాడు. బండి ఎక్కించేటప్పుడు దాసు తన బదిలీ ఫారం పైకి పోయిందా లేదా అని మెల్లగా అడిగాడు. పోయిందని చెప్పాడు మధుసూదనరావు.

దుకాణంలో సోనాలి ఆయన్ని చూడగానే కుర్చీ జరిపింది. సీటు ఖాయమైంది, వద్దంటే మొత్తం వరుస నుంచే పేరు పోతుంది, వచ్చే రౌండ్లలో కూడా ఉండదు అని చెప్పింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఒక అర్జీ రాసి పెట్టుకుంటే అని అడిగాడు. పరిస్థితి వివరంగా రాస్తాను, పొరపాటు నాదే అని రాస్తాను అన్నాడు. అర్జీ పెట్టుకునే గడి ఇందులో లేదు కాకా అన్నది సోనాలి. కంప్యూటరు సీటు చివరికి ఎన్ని మార్కులకు పోయిందో చూడమన్నాడు. ఆమె చూసి, తెరను ఆయన వైపు తిప్పింది. చివరి సీటు వచ్చినవాళ్ళకు లహరి కంటే రెండు మార్కులు తక్కువ.

ఇంట్లో రోహిణి అప్పటికే పేడా మిఠాయి తెప్పించి దేవుడి ముందు పెట్టింది. ఫోను ఆయన చేతికిచ్చింది. అవతల నాగేష్.

"పిల్లను నొప్పియ్యకుంట పని చేసినవు బావా," అన్నాడు నాగేష్. "దాని మాట విన్నట్టే ఉండి, రాసేకాడ సరిగ్గ రాసినవు. తండ్రంటె గట్లుండాలె."

మధుసూదనరావు నోరు తెరిచాడు. నేను అట్లా చేయలేదు అని అనాలి. అంటే, మరి ఎట్లా చేశావని అడుగుతాడు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు చెప్పుకురావాలి. పనుందని ఫోను పెట్టేశాడు. తను చేసిన తెలివితక్కువతనం బయటికి మోసంలా కనిపిస్తున్నదని, నిజం చెప్పినా అది బొంకులాగే ఉంటుందని అప్పుడు ఆయనకు అర్థమైంది.

వాన తెరిపిచ్చింది. లహరి పెరట్లో తాడు మీద బట్టలు ఆరేస్తున్నది. ఆయన వెళ్ళి పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. బీరువా దగ్గర తను నిశ్చయించుకున్నది చెప్పాడు. ఆదిలాబాద్ మూడుసార్లు రాయడం, అకోలా రాసి నాందేడ్ తెచ్చుకోవడం, సోనాలి హెచ్చరిస్తే నవ్వడం, ఏదీ దాచలేదు. ఏడుస్తుందని, అరుస్తుందని సిద్ధపడే వచ్చాడు.

"నీ కంప్యూటరే రావాలెనని రెండో గడిల రాసిన బిడ్డా. మొదటిది ఇస్తరని నాకు తోచనే లేదు. నమ్ముతవా?"

లహరి తువ్వాలు దులిపి తాడు మీద వేసింది. "నమ్ముత బాపూ," అన్నది.

ఆ మాటకు ఆయనకు ఊపిరి వచ్చినట్టయింది. కాని ఆమె ఇంకా ఏదో చెబుతున్నది.

"నేను సోమారమే చూసిన. ఫారం నా మెయిల్‌కు అచ్చింది. నువ్వు ఇంటికి రాకముందే చూసిన."

"చూసినవా," అన్నాడు ఆయన. "బుధారం దాక టైం ఉండె గద తల్లీ. రెండు దినాలు. ఇదేంది బాపూ అని ఒక్క మాట అడిగితె అయిపోతుండె."

"అడిగితె మారుస్తవని అనుకోలే," అన్నది లహరి. ఆమె గొంతులో కోపం లేదు. రేపు బండి ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. "మామ చెప్పిండు, నువ్వు అవునన్నవు. నాతోని అనలేక గట్ల రాసినవనుకున్న. మల్ల నేను అడిగితె నీకే కష్టమైతదని ఊకున్న."

మధుసూదనరావు తాడు కట్టిన గుంజను పట్టుకున్నాడు. ఆరు నెలలుగా పుస్తకాల మీద పడి చదివిన పిల్ల రెండు రోజులు ఇంట్లో తిరుగుతూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ, తన చొక్కా ఇస్త్రీ చేస్తూ, చేతిలో ఉన్నదాన్ని నోరు విప్పకుండా పోనిచ్చింది. ఆయన పుస్తకం తెచ్చిచ్చినప్పుడు బాగుంది బాపూ అన్నది. మొదటిది తనకు రాదని ఈ పిల్లకు ఎవరూ పనిగట్టుకొని నేర్పలేదు. ఈ ఇంట్లో పెరిగింది, అంతే.

"ఇప్పుడన్న అడుగు బిడ్డా," అన్నాడు. "ఏదన్న ఒక్కటి అడుగు. ఎట్లనన్న చేస్త."

లహరి తడి చొక్కా చేతిలో అలాగే పట్టుకొని ఆలోచించింది. తనను సంతోషపెట్టడానికైనా ఏదో ఒకటి అడగాలని ఆమె నిజంగా వెతుకుతున్నదని ఆయనకు ముఖం చూస్తేనే తెలిసింది. ఆయన నిలబడి ఎదురుచూశాడు. పేడాలు తినడానికి రమ్మని లోపలి నుంచి రోహిణి పిలిచింది. చినుకులు మళ్ళీ మొదలయ్యాయి.

"ఏం యాదికొస్తలేదు బాపూ," అన్నది.